వరాలు చేతికి నేను తొడిగిన గ్లౌజులు

కొత్తగా డ్యూటీలో చేరబోయే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. నరం ఎలా పట్టుకోవాలో, బీపీ ఎలా చూడాలో మీకు కాలేజీలో నేర్పారు, నాకంటే బాగానే నేర్పి ఉంటారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ రిజిస్టర్లో ఏం రాశానో మీకు అక్కర్లేదు. నాకే గుర్తు లేదు. నేను చేసిన ఒక తప్పు మాత్రం గుర్తుంది. తప్పని తెలిసి చేయలేదు, మంచితనం అనుకుని చేశాను. అందుకే మీకు చెప్పాలనిపించింది. చెడ్డబుద్ధితో చేసే తప్పులు మీరు ఎలాగూ చేయరు, ఈ ఉద్యోగంలో అంత తీరిక ఉండదు.

నా పేరు ఎస్తేరు. పుట్టింది, పెరిగింది, ముసలిదాన్నయింది అన్నీ యానాంలోనే. ముప్పై ఏళ్ళకు పైగా ఒక చిన్న ప్రసూతి ఆస్పత్రిలో పనిచేశాను, చివరి పన్నెండేళ్ళు హెడ్ నర్సుగా. ఆస్పత్రి పేరు రాయను. డాక్టరమ్మగారికి ఓపిక తగ్గి మూసేశారు. ఇప్పుడా మేడలో మంచాలు, సోఫాలు అమ్ముతున్నారు.

గోదావరి వైపు కిటికీ

మా కాన్పు గది కిటికీ గోదావరి వైపు ఉండేది. చలికాలం పొద్దున్నే నీటి మీద మంచు నిలబడి ఉండేది. దాని వెనక పడవలు కనిపించేవి కావు, మోటారు చప్పుడు మాత్రం దూరం నుంచి వచ్చి, దగ్గరై, మళ్ళీ ఎటో పోయేది. నొప్పులు పడుతున్న పిల్ల ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకునేది. కాసేపు తనెక్కడుందో తనకే తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు. బిడ్డ ఏడుపు వినిపించాక గాని మేమందరం గదిలోకి తిరిగొచ్చేవాళ్ళం కాదు.

నేను చేరినప్పుడు ఉన్న మేట్రన్‌గారు మహా కోపిష్టి. ఒకరోజు ఇంజెక్షన్ పట్టుకుని పరుగెత్తుతుంటే నా జడ పట్టుకుని ఆపారు. "సూది తర్వాత. ముందు ఆ పిల్ల పక్కన కూర్చో. అది వణుకుతోంది, చూశావా" అన్నారు. జడ నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చాయి గాని ఆ మాట పనికొచ్చింది. మన దగ్గరకు వచ్చేవాళ్ళు నొప్పి కంటే ముందు భయం తెస్తారు. ఆ భయం పక్కన కూర్చోవడమే మన పనిలో సగం. ఈ సంగతి నాకు మొదటి ఏడాదే తెలుసు. తెలిసి కూడా, కావలసిన రోజున కూర్చోలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం కునుకు పడితే అదే గది కలలోకి వస్తుంది. మనుషుల ముఖాలు ఉండవు. తెల్లటి వెలుతురు ఉంటుంది, నీళ్ళ వాసన ఉంటుంది, చేతులు ఉంటాయి. అన్నిటిలోకి వరాలు చేతులు ఇట్టే పోల్చుకుంటాను.

తొలి చెయ్యి

వరాలు మా ఆయా. ఉండేది పక్కనే ఫరంపేటలో. భర్త చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. పాతికేళ్ళ వయసులో మా ఆస్పత్రిలో నేల తుడిచే పనికి వచ్చి, చూస్తూ చూస్తూ కాన్పు గదిలోకి వచ్చేసింది. చదువు నాలుగో తరగతి. అరచెయ్యి కడుపు మీద బల్లపరుపుగా ఆనించి, "తల కిందికి తిరిగిందండి, సాయంత్రంలోపు అయిపోద్ది" అనేది. నేను పరీక్ష చేసి చూస్తే అంతే ఉండేది. నాకు ఒళ్ళు మండేది కూడా. ఇన్నేళ్ళు చదివి పరికరాలు పెట్టుకుని నేను చెప్పేది ఈవిడ ఒట్టి చేత్తో చెబుతోందని.

బిడ్డ పుట్టగానే పొత్తిగుడ్డలో చుట్టేది. ఆ గుడ్డ ముందే తన కడుపు దగ్గర పెట్టుకుని వెచ్చజేసి ఉంచేది. తర్వాత బిడ్డను రెండు చేతుల్లో పెట్టుకుని కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడేది. ఎందుకని అడిగితే, "గోదారి చూపిస్తన్నానండి" అనేది. అప్పుడే పుట్టిన బిడ్డకు గోదావరి ఏం కనిపిస్తుందే అంటే, "కనపడకపోతే మానె, గోదారికి బిడ్డ కనపడద్ది కదండి" అనేది.

మా వైపు ఒక నమ్మకం ఉంది. బిడ్డను తొలిసారి ఎత్తుకున్న చెయ్యి ఎవరిదైతే వాళ్ళ గుణాలు, వాళ్ళ పోలికలు బిడ్డకు వస్తాయని. వరాలుది చల్లని చెయ్యి అని యానాంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పేరు పడింది. కాన్పుకు వచ్చేవాళ్ళు డాక్టరు ఉన్నారా అని అడగకముందే వరాలు ఉందా అని అడిగేవారు. ఒక మామగారైతే, "ఇయాళ వరాలు సెలవంట కదండి, మేం రేపొస్తాం" అన్నారు. నొప్పులు రేపటిదాకా ఆగుతాయా బాబూ అని నేను అడగాల్సి వచ్చింది.

నేను ఆ నమ్మకాన్ని నమ్మలేదు. కాదని ఖండించనూ లేదు. ఎందుకు ఖండిస్తాను? ఆస్పత్రికి మంచి పేరు వస్తోంది. వరాలు ముఖం వెలిగిపోతోంది. చేతి నుంచి మంచి వస్తుందని జనం అనుకుంటుంటే నవ్వుతూ ఊరుకున్నదాన్ని, అదే చేతి నుంచి చెడు వస్తుందని అన్నరోజున నోరు పెగిల్చి అడ్డుపడలేకపోయాను.

నాలుగు రోజులు వేసుకో

మొదటి మచ్చ వరాలు కుడిచేతి చూపుడువేలి చివర వచ్చింది. బియ్యప్పిండి అంటుకుందనుకుని రెండు రోజులు కడుక్కుందట. నెల తిరిగేసరికి మిగతా వేళ్ళకు పాకింది. తర్వాత పెదవి అంచున, కంటి కొసన. కాకినాడలో చర్మం డాక్టరుకు చూపించాం. బొల్లి అన్నారు. ఒంటి రంగు పోతుంది తప్ప వేరే ఏమీ కాదు, ముట్టుకున్నా, కలిసి తిన్నా ఎవరికీ రాదు అన్నారు. తిరిగి వస్తుంటే బస్సులో వరాలు కిటికీలోంచి చూస్తూ, "అంటదన్నారు కదండి, ఇంకేం కావాలి. రంగుదేముంది, ఎవరిక్కావాలి నా రంగు" అంది. తేలిగ్గా నవ్వింది కూడా. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది, అదే ఆఖరు కాబట్టి.

జనం దాన్ని బొల్లి అనలేదు. తెల్లకుష్టు అన్నారు. కుష్టుకూ దీనికీ సంబంధం లేదు, కానీ పేరు పెడితే చాలు, భయానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒకరోజు అగ్రహారం నుంచి నాగరత్నంగారు కోడల్ని తీసుకుని వచ్చారు. వాళ్ళ సొంతూరు గోదావరి అవతలి పల్లె, రొయ్యల చెరువుల వ్యాపారం మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పెద్దమనిషి, మర్యాదస్తురాలు. నన్ను పక్కకు పిలిచారు.

"నర్సమ్మగారూ, ఒక మాటండి. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అని మొదలైందంటే ఏదో అనుకోవలసిన మాటే వస్తుందని నాకు అనుభవం.

"వరాలు చెయ్యి మా కోడలి మీద పడకుండా చూడండి."

"అదేంటమ్మా? మీ అమ్మాయి కాన్పుకి వరాలే కావాలని పట్టుబట్టారు మీరు."

"అప్పుడు చెయ్యి బాగుందండి." ఆవిడ గొంతు తగ్గించారు. "ఈ పిల్లకి రెండుసార్లు కడుపు పోయిందండి. ఇదన్నా దక్కాలి. రేపు బిడ్డకి ఆ మచ్చలొస్తే, నేనే తెలిసి తెలిసి ముట్టుకోనిచ్చానని జీవితాంతం ఏడవాలి."

"అది అంటుకునేది కాదమ్మా. డాక్టరుగారు చెప్పారు."

"మీరు చదువుకున్నవాళ్ళు, మీ మాట కాదననండి. మనసు ఒప్పుకోట్లేదు, ఏం చెయ్యమంటారు?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ రాక్షసి కాదు. మనవడి కోసం వణికిపోతున్న మామూలు ఆడమనిషి. మేట్రన్‌గారు ఉండి ఉంటే నా జడ పట్టుకుని ఆపేవారు. ఆవిడ పక్కన నేనొక అరగంట కూర్చోవాల్సింది. వరాలును పిలిచి, ఆ చేతిని ఆవిడ ఎదురుగానే నా చేతిలోకి తీసుకోవాల్సింది. వరండాలో బోలెడంత మంది కూర్చుని ఉన్నారు. నాకు తొందరగా ఉంది. గొడవ కాకుండా తేలిపోయే దారి ఒకటి కనిపించింది.

"వరాలు ఎప్పుడూ గ్లౌజులు వేసుకునే ఉంటుందిలెండి. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. నేను దాన్ని చూసి, ఎంత బాగా సర్దేశాను అని మురిసిపోయాను.

కాన్పు చేసేటప్పుడు అందరం గ్లౌజులు వేసుకుంటాం, అది పద్ధతి. కానీ తర్వాత బాలింతకు తల దువ్వడం, కాఫీ అందించడం, బిడ్డను పెద్దవాళ్ళ చేతిలో పెట్టడం, ఇవన్నీ ఒట్టి చేతులతోనే చేస్తాం. ఆ రోజు నుంచి వరాలు ఒక్కతే వాటికి కూడా గ్లౌజులతో తిరిగింది.

ఆ రోజు గ్లౌజుల డబ్బా తీసి ఇచ్చినప్పుడు వరాలు అడిగింది. "అంటదన్నారు కదండి?"

"అంటదు. వాళ్ళ మనశ్శాంతి కోసం. నాలుగు రోజులు వేసుకో, గొడవ సద్దుమణిగాక తీసేద్దువుగాని."

"ఆయ్, మీరు చెబితే సరేనండి" అని తొడుక్కుంది. రెండో చేతికి నేనే తొడిగాను.

గ్లౌజులు చెప్పిన అబద్ధం

అప్పటిదాకా మచ్చలు గమనించనివాళ్ళు కూడా ఇప్పుడు గ్లౌజులు గమనించారు. ఈవిడొక్కర్తికే ఎందుకని వరండాలో ఒకరినొకరు అడిగారు. జవాబు కూడా వాళ్ళే చెప్పుకున్నారు. "ఊరికే వేయిస్తారేంటండి? ఎస్తేరమ్మగారే వేయించారు. ఆవిడకి తెలీదా ఏంటి, అంటుకునేదో కాదో."

ముప్పై ఏళ్ళుగా నేను సంపాదించుకున్న మంచిపేరు ఈ పనికి వాడారు. నేను అంటదు అని నోటితో వందసార్లు చెబుతున్నాను. ఆమె చేతులకు నేను తొడిగినవి అంటుతుంది అని చెబుతున్నాయి. జనం కళ్ళతో చూసింది నమ్ముతారు, వాళ్ళది తప్పు అనలేను.

ఎదురు టీకొట్టు అతను వరాలు గ్లాసు వేరే పెట్టాడు. ఫరంపేట ఆటోలో ఆమె ఎక్కితే పక్కనున్నవాళ్ళు సర్దుకుని, అంటే దూరం జరిగి కూర్చునేవారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆమె ఎదురొస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. అందరూ మెత్తగానే, మర్యాదగానే పక్కకు తప్పుకున్నారు. ఎవరైనా చెడ్డమాట అనుంటే నేను ఎదురు తిరిగేదాన్నేమో. ఆ మర్యాదకు ఎలా ఎదురు తిరగాలో నాకు తెలియలేదు.

ఇక నాగరత్నంగారి కోడలికి పండులాంటి మగబిడ్డ పుట్టాడు. "మనం జాగ్రత్తపడ్డాం కాబట్టి సరిపోయిందండి" అన్నారు ఆవిడ. భయంతో వచ్చిన చిక్కే అది, అమ్మాయిలూ. ఏమీ జరగకపోతే భయపడటం తప్పని ఎవరూ అనుకోరు. భయపడినందువల్లే ఏమీ జరగలేదనుకుంటారు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు కుష్టురోగిని ముట్టుకున్న వాక్యం చదివారు. నేను పుస్తకంలోంచి తలెత్తలేకపోయాను. వరాలుకు కుష్టు లేదు. ఆమెను ముట్టుకోవడానికి ధైర్యం కూడా అక్కర్లేదు. అదైనా నేను చేయలేకపోయాను.

మూడు కుటుంబాలు వేరే ఆస్పత్రికి వెళ్ళిపోయాక డాక్టరమ్మగారు నన్ను పిలిచారు. ఆవిడ మంచి డాక్టరు. చెయ్యి దురుసు లేదు, మాట దురుసు లేదు. గొడవంటే మాత్రం పడదు.

"వరాలుని మేడ మీద బట్టల పనికి మార్చేద్దాం. జీతం అదే ఉంటుంది" అన్నారు.

"అంటుకునేది కాదు కదండి మేడమ్."

"నాకూ తెలుసు, నీకూ తెలుసు. మరి గ్లౌజులు నువ్వెందుకు ఇచ్చావ్?"

నేను తల దించుకుని బయటకు వచ్చేశాను. మర్నాటి నుంచి వరాలు మేడ మీదకు వెళ్ళింది.

మేడ మీద

వరాలుకు కాన్పు గదే జీవితం. ఇంటి దగ్గర ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఎవరి బిడ్డలైనా సరే, ఆ ఒక్క నిమిషం కిటికీ దగ్గర ఆమె బిడ్డలే. అది పోయింది. నేను రోజూ మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని.

చివరికి ఒక మధ్యాహ్నం ఎక్కాను. మేడంతా తెల్లటి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గోదావరి గాలికి అవి నెమ్మదిగా లేచి, నెమ్మదిగా వాలుతున్నాయి. వాటి మధ్య నడుస్తుంటే ఎక్కడ మొదలుపెట్టానో, ఎటు వెళ్తున్నానో తెలియలేదు. దుప్పటి లేచినప్పుడల్లా అవతల నది మెరిసి మాయమైపోతోంది. ఒక దుప్పటి వెనక వరాలు కూర్చుని పొత్తిగుడ్డలు మడతపెడుతోంది. ఎండలో ఆమె వేళ్ళు, గుడ్డలు ఒకే రంగులో ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో ఆ చేతులు. ఆ మాట పైకి అనాల్సింది.

"నన్ను క్షమించు వరాలూ" అన్నాను.

"దేనికండి?"

"ఆ రోజు నేను నీకు గ్లౌజులు ఇవ్వకుండా ఉండాల్సింది."

మడతపెట్టడం ఆపలేదు. "తెలీక ఇచ్చుంటే నాకేం బాధ లేదండి. నాగరత్నంగారికి తెలీదు, ఆవిడ మీద నాకు కోపం లేదు. మీకు తెలుసు కదండి. నాతోపాటు కాకినాడ వచ్చి విన్నారు కదండి."

నేను ఆ దుప్పట్ల మధ్య కూర్చుని ఏడ్చాను. వరాలు నన్ను ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం.

ఒక వారం

ఇక్కడ మీరు ఒక కథ ఎదురుచూస్తూ ఉంటారు. ఎవరికో కష్టమైన కాన్పు రావడం, వరాలు పరుగెత్తుకొచ్చి తల్లీబిడ్డలను కాపాడటం, ఊరంతా సిగ్గుపడటం. అలాంటిదేమీ జరగలేదు. జరగాల్సిన అవసరమూ లేదు. ఒక ప్రాణం కాపాడి చూపిస్తే తప్ప మనిషి పక్కన కూర్చోమా?

నేను డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్ళి, వరాలు ఒట్టి చేతులతో వార్డులోకి వస్తుంది, లేకపోతే నన్ను కూడా మేడ మీదకు పంపండి అన్నాను. ఆవిడ చేతిలోని రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. "ఒక్క వారం. జనం పోతే నీదే పూచీ" అన్నారు.

ఆ సోమవారం పొద్దున్న వరండాలో నిలబడి అందరికీ చెప్పాను. "వరాలుకున్నది బొల్లి. అది అంటదు. గ్లౌజులు నేను తొడిగింది అంటుతుందని కాదు, మీరు గొడవ చేస్తారని. నేను మీకు భయపడ్డాను. తప్పు నాది. ఈ రోజు నుంచి ఆమె ఒట్టి చేతులతోనే మిమ్మల్ని చూసుకుంటుంది."

ఇద్దరు లేచి ఆటో ఎక్కేశారు. ఒక పెద్దాయన, "ముందే చెప్తే పోయేది కదమ్మా ఈ మాట" అని విసుక్కున్నారు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ కూర్చున్నారు. కూర్చున్నారు, అదే ముఖ్యం. అంత తేలికైన పనిని అన్ని నెలలు వాయిదా వేశానని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఒక కాన్పు. కిటికీ నిండా మంచు, దూరంగా మోటారు చప్పుడు. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. వరాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను పొత్తిగుడ్డలో చుట్టి బిడ్డను ఆమె వైపు చాపాను.

"రా వరాలూ. తీసుకో."

చేతులు కొంగులోంచి బయటకు రాలేదు.

"తీసుకోవే. గోదావరి చూపించవా?"

"వద్దండి." గొంతు వినపడీ వినపడకుండా ఉంది. "పసిబిడ్డండి. ఏమోనండి, నిజంగానే అంటుకుంటే?"

మంచం మీది తల్లి అలసటగా తల తిప్పి, "ఏంటండీ, పాప బాగానే ఉందా?" అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను. వరాలుకు చెప్పాల్సిన మాట కోసం వెతుక్కున్నాను. అంటదు అనాలి. ఆ మాట ఇదివరకు ఒకసారి చెప్పి, ఆ వెంటనే చేతికి తొడుగు తొడిగినదాన్ని నేను. మళ్ళీ చెబితే ఎందుకు నమ్ముతుంది?

వారం పూర్తికాకుండానే వరాలు మానేసింది.

రొయ్యల కంపెనీ

ఇప్పుడు ఆమె రొయ్యలు ఒలిచే కంపెనీకి వెళ్తోంది. పొద్దున్నే కంపెనీ బస్సు వస్తుంది. నేను అప్పుడప్పుడు ఫరంపేట వెళ్ళి పలకరిస్తాను. కూర్చోమంటుంది, టీ ఇస్తుంది, మొన్న ఫలానావాళ్ళ అమ్మాయికి ఎవరు పుట్టారని అడుగుతుంది. మచ్చలు ఇప్పుడు మోచేతుల దాకా వచ్చాయి.

కిందటిసారి అడిగాను, అక్కడ ఎలా ఉంది, ఎవరైనా ఏమైనా అంటున్నారా అని.

"ఎవరంటారండి? అక్కడ అందరికీ తలమీద టోపీ, మూతికి గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు. ఎవరెవరో కళ్ళు చూసి పోల్చుకోవాల్సిందే. నా చెయ్యి ఏదో, పక్కమనిషి చెయ్యి ఏదో ఎవరికీ తెలీదండి." టీ గ్లాసు నా చేతికి అందించింది. "హాయిగా ఉందండి."

బిడ్డను చేతుల్లో పెట్టుకుని నదికి చూపించిన మనిషి, తన చేతులు ఎవరికీ కనపడని చోట హాయిగా ఉందంటోంది. నేను టీ తాగాను. ఆ మాట మాత్రం ఇంతవరకు మింగుడుపడలేదు.